మొండి మొటిమలు: ఏది కొనాలి, ఏది పక్కన పెట్టాలి

కందుకూరులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా పిన్ని కూతురు రెండు నెలల కిందట నాకు ఫోనులో ఒక ఫోటో పంపింది. మంచం మీద వరసగా ఏడు వస్తువులు పేర్చింది. రెండు నిమ్మకాయలు, ముల్తానీ మట్టి పొట్లం, వేప సబ్బు, సాలిసిలిక్ ఆసిడ్ ఉన్న ఫేస్‌వాష్, విటమిన్ సి సీరం, స్నేహితురాలు సగం వాడి ఇచ్చిన జెల్, మందుల షాపులో అట్టపెట్టె లేకుండా ఇచ్చిన తెల్లటి ట్యూబు. కింద ఒకటే ప్రశ్న: "అక్కా, వీటిలో ఏది వాడమంటావు?"

ఆమె ముఖం మాత్రం ఆ ఫోటోలో లేదు. ఈ మధ్య ఎవరినీ తీయనివ్వడం లేదని పిన్ని చెప్పింది. నాకది అర్థమవుతుంది. నా కాలేజీ ఫోటోలన్నిటిలో నేను వెనక వరసలో, చున్నీ చాటున ఉంటాను. కావలిలో పద్నాలుగో ఏట మొదలైన మొటిమలు ఒంగోలులో ఉద్యోగంలో చేరి ఆరేళ్లయ్యాక గాని తగ్గుముఖం పట్టలేదు. మధ్యలో ఎందరో ఎన్నో చెప్పారు. ఒళ్లు వేడి చేసిందన్నారు, సబ్జా గింజలు తాగమన్నారు. రక్తం శుభ్రం కావాలన్నారు. చేపల పులుసు మానమన్నారు. పెళ్లయితే అవే పోతాయన్నారు. చెప్పిన వాళ్లందరిదీ ప్రేమే. కానీ ముఖం మీద చీము గడ్డతో నిద్రలేచే పిల్లకు ప్రేమతో పాటు సరైన సమాచారం కూడా కావాలి. అందుకే ఆమెకు రాసిన జవాబును ఇంకాస్త పెంచి రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. రెండు మందుల మధ్య ఎంచుకోవలసి వచ్చినప్పుడు ఏది బలమైనది అని అడగకండి. ఏదైతే పన్నెండు వారాలు విడవకుండా వాడగలను అని అడగండి. ఈ రోజు పైకి కనిపిస్తున్న మొటిమ ఈ రోజు పుట్టినది కాదు. రోమకూపం లోపల మృతకణాలూ జిడ్డూ కలిసి బిరడాలా గట్టిపడడం కొన్ని వారాల ముందే మొదలవుతుంది. దాని వెనక జిడ్డు పేరుకుంటుంది, అక్కడ సహజంగానే ఉండే బాక్టీరియా పెరుగుతుంది, శరీరం దానికి స్పందించి ఎర్రగా వాచేలా చేస్తుంది. కాబట్టి ఈ రాత్రి రాసిన మందు ఫలితం ఎక్కువగా రాబోయే మొటిమల మీదే ఉంటుంది. వారానికొకటి మార్చే వాళ్లకు ఏ మందూ పనిచేయదు. నేను అలా మార్చి మార్చి నాలుగేళ్లు పోగొట్టుకున్నాను.

మీ మొటిమ ఏ రకం

అద్దం ముందు పగటి వెలుతురులో నిలబడి చూడండి. నల్ల చుక్కలు, చర్మం కిందే ఉండిపోయే తెల్లటి చిన్న గింజలు ఎక్కువగా ఉంటే అవి మూసుకుపోయిన రోమకూపాలు. ఎర్రగా ఉండి తల మీద చీము కనిపిస్తే వాపుతో కూడిన మొటిమలు. నొక్కితే ప్రాణం పోయేంత నొప్పితో లోతుగా, గట్టిగా ఉండే గడ్డలైతే ఇక దుకాణాల చుట్టూ తిరగవద్దు, నేరుగా చర్మ వైద్యుల దగ్గరకు వెళ్లండి. ఆ గడ్డలు గుంటలు మిగుల్చుతాయి. మచ్చ ఎప్పటికైనా పలచబడుతుంది గాని గుంట పూడడం చాలా కష్టం.

మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతంలో తరచుగా పొరబడేది ఇంకొకటుంది. నుదుటి మీద, ఛాతీ మీద, వీపు మీద అన్నీ ఒకే పరిమాణంలో, దురద పెడుతూ లేచే పొక్కులు చాలాసార్లు మొటిమలే కావు, ఈస్టు అనే ఒక రకం ఫంగస్ వల్ల వచ్చేవి. సముద్రపు గాలిలోని తేమ, చెమట, ఒంటికి అతుక్కునే బట్టలు దానికి బాగా అనుకూలం. వాటికి మొటిమల మందు ఎంత రాసినా తగ్గవు, యాంటీబయాటిక్ మాత్రలతో ఇంకా పెరగవచ్చు. కెటోకొనజోల్ లాంటి ఫంగస్ మందు కావాలి. దురద ఉందా లేదా అన్నది చూసుకోవడం చిన్న పనే, కానీ అది దారినే మార్చేస్తుంది.

తలనూనె సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పొద్దున్నే కొబ్బరినూనె పట్టించి బిగించి జడ వేస్తే, బస్సు దిగేసరికి చెమటతో కలిసి నుదుటి మీదికి కారుతుంది. వెంట్రుకల అంచు వెంబడి గింజలు వచ్చే వాళ్లు నూనెను తలస్నానానికి ముందు ఒక గంటకు పరిమితం చేసి చూడండి. మా పెద్దమ్మ కూతురికి ఇంకే మందూ అవసరం పడలేదు.

సబ్బా, ఫేస్‌వాషా

ఇది మందుల కన్నా చిన్న ఎంపికలా కనిపిస్తుంది గాని, ఒంగోలులో మా వీధి బోరు నీళ్లు వాడిన వాళ్లెవరూ దీన్ని తేలిగ్గా తీసుకోరు. ఉప్పునీళ్లలో, గట్టి నీళ్లలో మామూలు సబ్బు సరిగా నురగ రాదు. నీళ్లలోని కాల్షియంతో కలిసి తెట్టులా మారి చర్మం మీదే మిగులుతుంది. పైగా సబ్బుకు క్షారగుణం ఎక్కువ. ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పీహెచ్ లెక్కలో మన చర్మం ఉపరితలం ఆమ్లగుణంతో 5 దగ్గరగా ఉంటే, సబ్బు 9 నుంచి 10 దాకా ఉంటుంది. కడిగాక ముఖం బిగుసుకుపోవడం శుభ్రతకు గుర్తు అనుకుంటాం. అది చర్మం ఎండిపోయిందనడానికి గుర్తు. ఎండిన చర్మం మీద ఏ జెల్ రాసినా మంట పుడుతుంది, మంట పుడితే మానేస్తాం.

అందుకే వేప సబ్బు, పసుపు సబ్బు, మందు సబ్బు అన్న తేడాల కన్నా అసలు సబ్బు కాని క్లెన్సర్ ఎంచుకోవడం ముఖ్యం. సిండెట్ అని రాసి ఉన్న బార్ గాని, వాసన లేని తేలికపాటి ఫేస్‌వాష్ గాని చాలు. అవి గట్టి నీళ్లలోనూ తెట్టు కట్టవు. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, బాగా చెమట పట్టినప్పుడు ఇంకోసారి. అంతకు మించి వద్దు. రుద్దే గరుకు స్క్రబ్బులు, సున్నిపిండి వాపుతో ఉన్న మొటిమల మీద అసలే వద్దు. సాలిసిలిక్ ఆసిడ్ ఉన్న ఫేస్‌వాష్ మంచిదే గాని నిమిషంలో కడిగేస్తాం కనుక దాని మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. అదే ఆసిడ్ 2 శాతంతో రాసి వదిలేసే రూపంలో ఉంటే నల్ల చుక్కల మీద మెరుగ్గా పనిచేస్తుంది.

అడాపలీన్, బెంజాయిల్ పెరాక్సైడ్: అసలు పోటీ ఈ రెండింటికే

సీరంల ప్రకటనలు ఎన్ని చూసినా మొటిమల మీద ఎక్కువ ఆధారం ఉన్నవి ఈ రెండు పాత మందులే. వీటి పేర్లు ట్యూబు మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి, కంపెనీ పేరు పెద్దగా ఉంటుంది. చిన్న అక్షరాలే చదవండి. ఒకే మందు వేర్వేరు కంపెనీల దగ్గర వేర్వేరు ధరలకు దొరుకుతుంది కనుక డాక్టరును మందు పేరు రాయమని అడగండి, జన ఔషధి దుకాణంలో ముందు అడిగి చూడండి.

బెంజాయిల్ పెరాక్సైడ్ బాక్టీరియాను చంపుతుంది. యాంటీబయాటిక్‌లకు బాక్టీరియా అలవాటు పడిపోతుంది, దీనికి అలా పడదు. చీము పట్టే ఎర్ర మొటిమల మీద కాస్త త్వరగా తేడా చూపుతుంది. 2.5 శాతం, 5 శాతం, 10 శాతం అని ఉంటాయి. ఎక్కువ శాతం ఉంటే త్వరగా తగ్గుతుందనుకుని నేను పెద్దదే కొన్నాను. చెంపలు కాలినట్టయ్యాయి. 2.5 శాతం కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట మాత్రం బాగా తక్కువ. దీనితో ఒక ఇబ్బంది ఉంది: బట్టల రంగు తినేస్తుంది. దిండు గలీబు, తువ్వాలు తెల్లవి పెట్టుకోండి, రంగు చున్నీ కప్పుకునే ముందు పూర్తిగా ఆరనివ్వండి. సున్నితమైన చర్మమైతే రాసి ఐదు, పది నిమిషాలుంచి కడిగేసినా ప్రయోజనం ఉంటుంది.

అడాపలీన్ దారి వేరు. విటమిన్ ఎ కుటుంబానికి చెందిన మందు ఇది. రోమకూపంలో బిరడా కట్టకుండా చూస్తుంది, వాపునూ తగ్గిస్తుంది. అంటే మొటిమ పుట్టే చోటికే వెళ్తుంది. 0.1 శాతం జెల్ రాత్రి పూట, ముఖం కడిగి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా పలచగా రాయాలి. కళ్ల చుట్టూ, ముక్కు అంచులకు, పెదవుల మూలలకు రాయకూడదు. చాలామంది మొటిమ మీద మాత్రమే చుక్క పెడతారు. అది దీని పని కాదు, రేపటి మొటిమ ఎక్కడ పుడుతుందో మనకు తెలియదు కదా.

మొదటి రెండు మూడు వారాలే అసలు పరీక్ష. చర్మం పొరలుగా రేగుతుంది, చురచురమంటుంది, లోపల దాగినవి ఒక్కసారిగా పైకి వచ్చి మొటిమలు ఎక్కువైనట్టు కనిపిస్తాయి. సరిగ్గా అక్కడే మందు పడలేదని మానేస్తాం. నేనూ రెండుసార్లు మానేశాను. మూడోసారి మూడు రాత్రులకొకసారి రాశాను. ముందు మాయిశ్చరైజర్, తర్వాత జెల్, మంటగా ఉన్న రోజు పైన మళ్లీ మాయిశ్చరైజర్. నెల తర్వాత రోజు విడిచి రోజు. ఆ నిదానమే నన్ను గట్టెక్కించింది. గర్భవతులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్న వాళ్లు అడాపలీన్ వాడకూడదు.

ఒక్కటే కొనగలిగితే ఏది? నల్ల చుక్కలు, గింజలు, ఎర్రవి అన్నీ కలిసి ఏళ్ల తరబడి ఉంటే అడాపలీన్ అంటాను. తగ్గాక కూడా మళ్లీ రాకుండా కొనసాగించడానికి అదే పనికొస్తుంది. గింజలు లేకుండా చీము మొటిమలు మాత్రమే అప్పుడప్పుడు గుంపుగా లేస్తుంటే బెంజాయిల్ పెరాక్సైడ్. రెండూ కలిసిన జెల్ కూడా ఉంది, మధ్యస్థంగా ఉన్న మొటిమలకు చాలామంది వైద్యులు దానితోనే మొదలుపెడతారు. క్లిండమైసిన్ అనే యాంటీబయాటిక్ జెల్ ఒక్కదాన్నే నెలల తరబడి రాయడం మాత్రం మంచిది కాదు. బాక్టీరియా దానికి అలవాటు పడుతుంది, పక్కన బెంజాయిల్ పెరాక్సైడ్ ఉండాలి.

మూడోదిగా అజెలాయిక్ ఆసిడ్ గురించి చెప్పాలి, దీన్ని మనవాళ్లు తక్కువగా అంచనా వేస్తున్నారు. 10, 15, 20 శాతాల్లో దొరుకుతుంది. నిదానమైనది, రాసిన కొత్తలో చీమలు పాకినట్టు ఉంటుంది. కానీ మొటిమతో పాటు అది వదిలి వెళ్లే గోధుమరంగు మచ్చ మీద కూడా పనిచేస్తుంది. మన రంగు చర్మాలకు మొటిమ కన్నా ఆ మచ్చలే ఎక్కువ కాలం బాధ పెడతాయి. గర్భిణులకు వైద్యులు సాధారణంగా సూచించగలిగే మందుల్లో ఇదీ ఒకటి. సీరంలలో దొరికే నయాసినమైడ్ (ఒక రకం విటమిన్ బి3) జిడ్డును, ఎరుపును కొంత తగ్గిస్తుంది, తోడుగా బాగుంటుంది. విటమిన్ సి సీరం తొలి మూడు నెలల్లో అవసరం లేదు.

నిమ్మకాయ, మట్టి, పేరు చెప్పని ట్యూబు

నిమ్మకాయ గురించి మన నెల్లూరు వైపు మాట్లాడడం కష్టం. పొదలకూరు, గూడూరు మార్కెట్ల నుంచి లారీల కొద్దీ ఉత్తరాదికి వెళ్లే కాయ, మన ఇంట్లో ఎప్పుడూ ఉండే కాయ. అది ముఖానికి చెడు చేస్తుందంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. అయినా చెప్పాలి. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, వాచిన చర్మాన్ని అది కాలుస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఎండతో వస్తుంది. నిమ్మలోని కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే బొబ్బలెక్కి, చారలు చారలుగా నల్ల మచ్చలు పడతాయి. నెలల తరబడి పోవు. నిమ్మను మజ్జిగలో పిండుకోండి, ముఖానికి వద్దు.

ముల్తానీ మట్టి జిడ్డు పీలుస్తుంది, హాయిగా ఉంటుంది, మొటిమను నయం చేయదు. వారానికొకసారి ఇష్టంగా వేసుకుంటే వేసుకోండి, అడాపలీన్ రాసే రోజుల్లో వద్దు. టూత్‌పేస్టు, వంటసోడా ఎప్పుడూ వద్దు.

ఇక ఆ తెల్ల ట్యూబు. ఈ వ్యాసం రాయాలనిపించడానికి అసలు కారణం అదే. డిగ్రీ రెండో సంవత్సరంలో మా ఊరి మందుల షాపులో నాకూ అలాంటిదే ఇచ్చారు. నాలుగు రోజుల్లో ముఖం నున్నగా అయింది. ఏం వాడుతున్నావని క్లాసులో అందరూ అడిగారు, ఇద్దరికి నేనే కొనిపించాను. మూడు నెలల తర్వాత ఒక వారం రాయకపోతే మొటిమలు మూడింతలై తిరిగొచ్చాయి. పొయ్యి దగ్గర నిలబడితే చెంపలు మండేవి. చర్మం పలచబడి ఎర్రటి సన్న నరాలు కనిపించాయి, చెంపల మీద నూగు పెరిగింది. అందులో ఉన్నది స్టెరాయిడ్. అది వాపును అణచేస్తుంది కనుక మొదట్లో అద్భుతంగా ఉంటుంది, తర్వాత అదే మొటిమలను పుట్టిస్తుంది. ఆ ఇద్దరు స్నేహితురాళ్ల ముఖాలు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్, ఫ్లుయోసినోలోన్ లాంటి పేర్లుంటే మొటిమలకు రాయకండి. వీటిని హైడ్రోక్వినోన్‌తో, ట్రెటినాయిన్‌తో కలిపి తెల్లబరిచే క్రీములుగా కూడా అమ్ముతారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలోకి తెచ్చింది. అయినా కౌంటరు మీద అడిగితే చేతికి వస్తున్నాయి. నాలుగు రోజుల్లో మొత్తం తగ్గిపోయిందంటే సంతోషపడకుండా ఆ ట్యూబును తిప్పి చదవండి. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్న వాళ్లు హఠాత్తుగా మానకుండా ముందు వైద్యులను కలవండి, మానే పద్ధతి ఉంటుంది.

మాత్రల దాకా వెళ్లవలసిందెప్పుడు

పూతమందు సక్రమంగా పన్నెండు వారాలు వాడినా తేడా లేకపోతే, గడ్డలు వస్తుంటే, గుంటలు పడుతుంటే, ముఖం చూపించలేక కాలేజీ మానేస్తుంటే. చివరిది కూడా వైద్యపరమైన కారణమే, సిగ్గుపడవద్దు. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో కూడా చర్మవ్యాధులకు ఓపీ ఉంటుంది. బ్యూటీ పార్లర్ ఫేషియల్‌కు పెట్టే డబ్బును అటువైపు బస్సు ఛార్జీకి పెట్టడం నా దృష్టిలో మంచి ఎంపిక.

అక్కడ సాధారణంగా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాస్తారు. మూడు నాలుగు నెలలకు మించి సాగదీయరు, పూతమందు పక్కనే ఉంటుంది. నిండు గ్లాసు నీళ్లతో వేసుకుని వెంటనే పడుకోకూడదు, లేకపోతే గొంతులో మంట పెడుతుంది. దీనితో ఎండ సున్నితత్వం పెరుగుతుంది, రోహిణి కార్తెలో మరీ జాగ్రత్త. మొండి గడ్డలకు ఐసోట్రెటినాయిన్ ఉంది. 1982 నుంచి వాడుకలో ఉన్న మందు, చాలామందికి దీర్ఘకాలం ఉపశమనం ఇచ్చే మందు ఇదొక్కటే. పెదవులు విపరీతంగా ఎండుతాయి, కాలేయానికీ కొవ్వులకూ రక్తపరీక్షలు కావాలి. ఇది వాడుతూ గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. పెళ్లి సంబంధాలు చూస్తున్నారనో, కొత్తగా పెళ్లయిందనో డాక్టరుకు చెప్పడానికి మొహమాటపడకండి, ఈ ఒక్క విషయంలో మొహమాటం చాలా ఖరీదైనది. నెలసరి తప్పుతూ, గడ్డం దగ్గర మొటిమలతో పాటు గరుకు వెంట్రుకలు వస్తున్న స్త్రీలు హార్మోన్ల పరీక్ష అడగండి. అండాశయాల్లో హార్మోన్లు గాడి తప్పే పీసీఓడీ ఉంటే దారి వేరు, మందులు వేరు.

తిండి సంగతి క్లుప్తంగా. చేపల పులుసును దోషిగా నిలబెట్టడానికి ఆధారం లేదు. తీపి, మైదా, పదేపదే తాగే చక్కెర పానీయాలు, కొందరికి పాలు, జిమ్‌లో తాగే వే ప్రోటీన్ పొడి మొటిమలను పెంచుతాయనడానికి కొంత ఆధారం ఉంది. మలై కాజా పండగకు తినండి, రోజూ వద్దు.

ఎవరి రోజును బట్టి వారి ఎంపిక

హాస్టలులో ఐదింటికి లేచి బకెట్ నీళ్లతో సరిపెట్టుకునే పిల్లలకు పొద్దున ముఖం కడుక్కుని సన్‌స్క్రీన్, రాత్రి ఒక్క జెల్. ఐదు మెట్ల పద్ధతి వాళ్లకు పెట్టవద్దు, వారంలో మానేస్తారు. రొయ్యల చెరువుల గట్ల మీద, చీమకుర్తి గ్రానైట్ దుమ్ములో, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల వేడిలో పనిచేసే వాళ్లకు పగలు ఏ మందూ ముఖం మీద నిలవదు. వాళ్లకు మందంతా రాత్రికే. పగలు ముఖానికి కట్టుకునే గుడ్డ మెత్తటి నూలుదై ఉండాలి, రోజూ ఉతకాలి. చెమటతో తడిసిన అదే గుడ్డ రెండో రోజు రాపిడికి గడ్డం కింద కొత్త మొటిమలు తెస్తుంది.

సన్‌స్క్రీన్ అందరికీ కావాలి, ఎందుకంటే ఎండ మచ్చను నల్లబరుస్తుంది, రాత్రి రాసే మందు ఎండకు చర్మాన్ని మరింత సున్నితం చేస్తుంది. ఎస్‌పీఎఫ్ 30 గాని అంతకన్నా ఎక్కువ గాని, జెల్ రూపంలో. క్రీము రూపంలోవి నెల్లూరు ఉక్కపోతలో కారిపోతాయి. రెండు వేళ్ల పొడవున తీసుకుంటేనే ముఖానికీ మెడకీ సరిపోతుంది. అది కొనలేని నెలలో గొడుగు తప్పనిసరి.

మా చెల్లెలికి చెప్పినదీ ఇదే: నిమ్మకాయలు వంటింట్లోకి, మట్టి, సబ్బు, సీరం పక్కకు, సగం వాడిన జెల్ తిరిగి స్నేహితురాలికి. తెల్ల ట్యూబును మాత్రం పారెయ్యవద్దన్నాను. అప్పటికే పది రోజులు రాసిందట. పిన్ని దాన్ని సంచిలో వేసుకుని, పిల్లను వెంటబెట్టుకుని ఒంగోలు బస్సెక్కింది. డాక్టరు ట్యూబు వెనక చదివి దాన్ని తన బల్ల మీదే ఉంచేసుకున్నారు, మూడు రాత్రులకొకసారి అడాపలీన్ రాశారు. ఇప్పుడు ఆరో వారం. నాలుగో వారంలో ఎక్కువయ్యాయని ఏడ్చింది, క్యాలెండరులో పన్నెండో వారం దగ్గర గుర్తు పెట్టుకోమన్నాను. నిన్న పంపిన ఫోటోలో మంచం మీద మూడే వస్తువులున్నాయి. అంచున, సగం వరకు, ఆమె చెంప కూడా ఉంది.